అన్నకు నీళ్ళు, తమ్ముడికి రాళ్ళు: మీ నవల తొమ్మిదో అధ్యాయంలో ఎందుకు ఆగింది

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్‌లో ఇంటర్ రెండో ఏడు చదివే అన్న, పదో తరగతి తమ్ముడు. అన్న నీళ్ళను ఆపగలడు. తమ్ముడు రాయి మీద చెయ్యి పెడితే అది ఒకప్పుడు విన్న మాటలు వాడికి వినిపిస్తాయి. టీనేజీ పిల్లల కోసం రాస్తున్నారు. ఎనిమిది అధ్యాయాలు చకచకా సాగి తొమ్మిదో దాంట్లో బండి ఆగింది. చదివిన స్నేహితులు "డబ్బింగ్ సినిమాలా ఉంది" అన్నారు. ఇద్దరికీ ఇంకో శక్తి ఇవ్వాలా, మాంత్రికుణ్ణి ముందే దింపాలా అని అడుగుతున్నారు.

రెండూ వద్దు. మీరిచ్చిన సారాంశంలో అన్న శక్తి వాడితే అన్నకే ముక్కులోంచి రక్తం కారుతోంది, తమ్ముడు వాడితే తమ్ముడికే తలనొప్పి వస్తోంది. చిక్కంతా ఇక్కడే ఉంది. ఎవరి ఖర్చు వాళ్ళే పెట్టుకునేటప్పుడు వాళ్ళు అన్నదమ్ములే కానక్కర్లేదు, ఒకే హాస్టల్ గదిలో ఉండే ఇద్దరు కుర్రాళ్ళైనా చాలు. ఖర్చును తిరగెయ్యండి. అన్న వాడితే తమ్ముడు కట్టాలి, తమ్ముడు వాడితే అన్న కట్టాలి. నవల మధ్యభాగం దానంతట అదే పుడుతుంది.

ఇది బయటి నుంచి తెచ్చుకోవాల్సిన కిటుకేం కాదు. మనకు తెలిసిన అన్నదమ్ముల కథలన్నీ ఇలాగే నడుస్తాయి. సంపాతి, జటాయువు సూర్యుడి దాకా ఎగురుతారు. తమ్ముడు ఎండకు సొమ్మసిల్లుతుంటే అన్న రెక్కలు అడ్డం పెడతాడు, రెక్కలు కాలిపోయేది అన్నకి. సుందోపసుందులకు ఒకరి చేతిలో ఒకరు తప్ప ఇంకెవరి చేతిలోనూ చావు లేదు. వరంలోనే ముల్లు దాగి ఉంది, తిలోత్తమ అనే అప్సరస వచ్చి దాన్ని బయటికి లాగింది, అంతే. వాలికి ఎదురు నిలిచినవాడి బలంలో సగం వాలికి వచ్చేస్తుందని మనవాళ్ళు చెప్పుకుంటారు, అలాంటివాడికి ఎదురు నిలవాల్సింది సొంత తమ్ముడు. మూడింట్లోనూ శక్తి గురించి చెప్పింది ఒక్క ముక్కే. మిగతాదంతా ఆ శక్తి ఇద్దరి మధ్యకు వచ్చి ఏం చేసిందన్నదే. మీ ఇద్దరి కథ ఈ మూడింటిలో దేనికి దగ్గరో ముందే తేల్చుకోండి. సారాంశం చూస్తే సంపాతి కథలా ఉంది, కానీ మీరు దాన్ని వాలిసుగ్రీవుల వైపు లాగుతున్నారు.

ఇప్పుడు ఖర్చు పద్దు రాసుకుందాం. అన్న నీళ్ళను ఆపితే తమ్ముడి ఒంట్లో నీళ్ళు తగ్గాలి. చెంబెడు ఆపితే గొంతు ఎండుతుంది. బకెట్ ఆపితే పెదవులు పగులుతాయి. ఇంటి సంపు ఆపితే తల తిరుగుతుంది, పిక్కలు పట్టేస్తాయి, మూత్రం ముదురు పసుపులోకి దిగుతుంది. ట్యాంకర్ ఆపితే ఆసుపత్రిలో సెలైన్ పెట్టాల్సిందే. ఇది మాయే అయినా లక్షణాలన్నీ వడదెబ్బ తగిలినప్పుడు కనిపించేవే కాబట్టి పాఠకుడు వెంటనే నమ్ముతాడు. ముక్కులోంచి కారే రక్తాన్ని ఎవరూ నమ్మరు, తెర మీద అది మరీ అరిగిపోయింది.

తమ్ముడి వైపు పద్దు వేరు. రాయి ఊరికే చెప్పదు, ఒక జ్ఞాపకం పుచ్చుకుని ఒకటి ఇస్తుంది. ఆ పుచ్చుకునేది అన్నది. మొదట చిన్నవి పోతాయి: నాన్న పాత స్కూటర్ నంబరు, ఏడో తరగతిలో పక్కన కూర్చున్నవాడి పేరు. తర్వాత బరువైనవి. అన్న దాన్ని పరీక్షల ఒత్తిడి అనుకుంటాడు, ఇంటర్ పిల్లాడు అలా అనుకోవడంలో వింతేముంది?

లెక్కలు కూడా వెయ్యండి. ఫాంటసీలో తూకం తప్పితే మొదట పట్టుకునేది పదిహేనేళ్ళ పాఠకుడే. లీటరు నీళ్ళు కిలో బరువు. ఇంటికొచ్చే మామూలు ట్యాంకర్‌లో 5,000 లీటర్లు, అంటే ఐదు టన్నులు. వానకు మునిగిన వీధి 100 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు అనుకుంటే 300 ఘనపు మీటర్లు. అంటే మూడు లక్షల లీటర్లు, అరవై ట్యాంకర్లు. మీ మూడో అధ్యాయంలో అన్న బకెట్ ఆపుతున్నాడు, ఏడో అధ్యాయంలో మూసీ నదిని ఆపుతున్నాడు. మధ్యలో మెట్లే లేవు. చెంబు, బకెట్, సంపు, ట్యాంకర్, నాలా, ఆ తర్వాతే నది. ప్రతి మెట్టు దగ్గరా ఎంత నీరు, ఎన్ని సెకన్లు, ఎంత దూరం నుంచి, తమ్ముడికి ఏమైంది అన్న నాలుగూ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. నదిని మొత్తంగా ఎప్పటికీ ఆపకండి. ఒక వీధిని తొంభై సెకన్లు ఆపితేనే పిల్లాడి ప్రాణం మీదికి వస్తుందని లెక్క చెబుతోంది. మీ ముగింపుకు అది చాలు.

ఏది చేయలేడో కూడా అందులోనే రాయండి, అసలు బిగువంతా అక్కడే. ప్రవరుడి కాళ్ళకు సిద్ధుడిచ్చిన పసరు మంచులో కరిగిపోకపోతే మనుచరిత్రలో కథ ముందుకెక్కడ పోతుంది? పసరు పనిచేసే తీరు, అది చెడిపోయే తీరు, రెండూ ఒకే వస్తువులో ఉన్నాయి. మీ అన్నకు కూడా అలాంటిదొకటి ఉండాలి. ఉదాహరణకు, వాడు నీళ్ళు ఆపగలడు కానీ కదపలేడు, పైకి లేపలేడు. చెయ్యి తీసేస్తే ఆపిందంతా ఒక్కసారిగా కిందికి వస్తుంది. ఆపడం వల్ల పై వీధి బాగుపడి కింది బస్తీ మునిగే పరిస్థితి ఒకటి రాయండి, ఇరవై పేజీల మాంత్రికుడి ఉపన్యాసం అక్కర్లేదు.

ఇక ఊరు. మీ రెండో అధ్యాయంలో మెట్రో సొరంగంలో దాక్కున్న రహస్య లోకం ఉంది. హైదరాబాద్ మెట్రో 2017 నవంబర్‌లో మొదలైన నాటి నుంచీ స్తంభాల మీదే నడుస్తోంది, మీ పాత్రలు ఎక్కే మూడు లైన్లలో ఒక్క సొరంగం స్టేషన్ కూడా లేదు. ఆ సన్నివేశం లండన్ నుంచో న్యూయార్క్ నుంచో వచ్చింది, "డబ్బింగ్" అన్న మాట సగం దాని వల్లే పడింది. ఈ ఊరి కింద ఉన్నవి బావులు, నాలాలు, ఆ కింద గ్రానైట్. బన్సీలాల్‌పేటలో చెత్తతో పూడిపోయిన మెట్లబావిని తవ్వి 2022లో బాగుచేశారు. నీటి పిల్లాడు, రాతి పిల్లాడు ఇద్దరికీ ఒకేచోట పని కావాలంటే అంతకంటే మంచి స్థలం ఏముంటుంది? గోల్కొండ నుంచి చార్మినార్‌కు సొరంగం ఉందని జనం చెప్పుకునే కథను నవలలో వాడుకోవచ్చు, కానీ జనం చెప్పుకునే కథగానే. పాత్రల్లో ఒకరు నమ్మాలి, ఒకరు నవ్వాలి.

రాళ్ళ విషయంలో మీ దగ్గర బంగారుగని ఉంది, మీరు చూసుకోలేదు. ఈ ఊరి గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. మరి వాడు ఏ గుండును ముట్టుకున్నా 250 కోట్ల ఏళ్ళ నిశ్శబ్దమే వినాలిగా? కాబట్టి నియమం పెట్టండి: మనిషి చెయ్యి తగిలాకే రాయి వినడం మొదలుపెడుతుంది. దాంతో ఊరి పటం మారిపోతుంది. 1578 నాటి పురానాపూల్ రాళ్ళు మాటలతో నిండిపోయి ఉంటాయి. మాదాపూర్ అద్దాల భవనాల మధ్య వాడికి చెవుడు వచ్చినట్టుంటుంది. మెట్రో స్తంభం మాత్రం ప్రమాదం. కాంక్రీటులో పోసే కంకర కూడా కొట్టిన గ్రానైటే. అక్కడ వాడికి మాటలు వినిపించవు, వేల ముక్కలైన అక్షరాలు ఒకేసారి వినిపిస్తాయి. అమీర్‌పేట స్టేషన్ కింద ట్రాఫిక్‌లో పొరపాటున స్తంభానికి ఆనుకున్న పిల్లాడి సన్నివేశం ఒక్క పేజీ రాసి చూడండి.

అన్నిటికంటే మంచి రాయి ఇంట్లోనే ఉంది, వంటగది గట్టు. కరీంనగర్ క్వారీల గ్రానైట్ దేశం దాటి పోతుంది, మన అపార్ట్‌మెంట్ల వంటగదుల్లోకీ వస్తుంది. రోజూ అమ్మ చెయ్యి తగిలే రాయి అదే. అర్ధరాత్రి నీళ్ళ కోసం వచ్చినవాడు చీకట్లో గట్టు మీద చెయ్యి పెట్టి, అమ్మ ఫోన్‌లో ఎవరితోనో అప్పు అడగడం వినాలి. ఏ మంత్రగాడి గుహా అంత భయం పుట్టించదు.

నీటి వైపు తేదీలు కూడా ఊరే ఇస్తోంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఊరిని ముంచింది. అఫ్జల్‌గంజ్‌లో ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఉన్న ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన జలాశయాలు కట్టారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 2000 ఆగస్టులో, 2020 అక్టోబర్‌లో మళ్ళీ కాలనీలు మునిగాయి. నీళ్ళు ఆపే శక్తి ఈ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఉండేదా అని మీరు అడిగారు కదా. ఉండేదనుకుంటే 1908 రాత్రి అతని తోడబుట్టినవాడికి ఏమైందన్నదే మీ రహస్యం. దాన్ని తాళపత్ర గ్రంథంలో పెట్టకండి, నది గట్టు రాయిలో పెట్టండి. తమ్ముడు వినాలి, విన్నందుకు అన్న ఏదో ఒకటి పోగొట్టుకోవాలి.

తొమ్మిదో అధ్యాయానికి వస్తాను. ఇప్పుడు అందులో మాంత్రికుడు ఇంటి తలుపు పగలగొట్టుకుని వస్తున్నాడు. తీసెయ్యండి. దానికి ముందు ఎవరికి ఏమి తెలుసో సర్దాలి. ఐదో అధ్యాయానికల్లా తమ్ముడికి అర్థమవుతుంది, అన్న నీళ్ళు ఆపినప్పుడే తనకు దాహం వేస్తోందని. వాడు చెప్పడు. చెబితే అన్న మానేస్తాడు, అన్నకు జీవితంలో బాగా వచ్చిన పని అదొక్కటే. ఎనిమిదో అధ్యాయంలో అన్న మరుపు ఇంట్లో అందరికీ కనిపిస్తుంది. తొమ్మిదిలో తమ్ముడు ఇదివరకు ముట్టుకున్న రాయినే రెండోసారి ముట్టుకుంటాడు. ఈసారి పాతకాలపు మాటలు కాదు, అన్న గొంతు వినిపిస్తుంది. "వీడికి సైకిల్ నేనే నేర్పిస్త, నువ్వు వదులు నాయినా" అని. అన్న మరిచిపోయింది గాల్లో కలిసిపోలేదు, రాయిలో ఉంది. తమ్ముడే తన చేతులతో దాన్ని అక్కడ పెట్టాడు.

దీంతో ప్రతినాయకుడికి కూడా దారి దొరుకుతుంది. పుర్రెలు, ముగ్గులు ఏవీ వద్దు. ఆ రాయి ఉన్న గుట్టను పేల్చి వెంచర్ వెయ్యాలనుకునే మనిషి చాలు. వాడికి మాయ సంగతే తెలియకపోవచ్చు. రాయి పేలితే అన్న జ్ఞాపకం శాశ్వతంగా పోతుందన్నది పాఠకుడికీ తమ్ముడికీ మాత్రమే తెలిసి ఉంటే, డ్రిల్లింగ్ యంత్రం గుట్ట దగ్గరికి వచ్చిన రోజే గుండె ఆగుతుంది. ఒకటే జాగ్రత్త: ఆ మనిషి కూడా ఎవరికో అన్నో తమ్ముడో అయి ఉండాలి, ఒక్క పేజీలోనైనా అది కనిపించాలి.

పేర్ల దగ్గర తొందరపడకండి. మీరు "మాయాశక్తి" అన్న మాట ఎనిమిది అధ్యాయాల్లో దాదాపు ప్రతి పేజీలో వాడారు. తెలుగులో విద్య వేరు, సిద్ధి వేరు, మహిమ వేరు, కనికట్టు వేరు. నేర్చుకుంటే వచ్చేది విద్య, సాధిస్తే వచ్చేది సిద్ధి, దేవుడిదైతే మహిమ, కళ్ళను మోసం చేస్తే కనికట్టు. మీ పిల్లలది ఇవేవీ కాదు, ఒంట్లోంచి వచ్చింది. ఇంట్లో వాళ్ళే ఒక మామూలు మాట పెట్టుకోవాలి. అన్నది "పట్టు", తమ్ముడిది "వినికిడి" అనుకోండి. "నిన్న పట్టు చేసినవా?" అంటే పక్కింటావిడ విన్నా ఏమీ అనుకోదు. చేతబడి, బాణామతి అన్న మాటల్ని మాత్రం అలంకారంగా వాడకండి. ఆ అనుమానంతో మన ఊళ్ళల్లో నిజంగా మనుషుల్ని కొట్టి చంపారు. వాడితే ఆ బరువుతోనే వాడాలి. పక్కింటివాళ్ళు ఈ ఇంటి మీద ఆ మాట వెయ్యడం మొదలుపెడితే అదొక అధ్యాయం.

సంభాషణ గురించి మీ స్నేహితులు చెప్పింది నిజమే. మీ ఆరో అధ్యాయంలో అన్న అంటాడు: "తమ్ముడా, నేను నిన్ను ఎల్లప్పుడూ రక్షిస్తాను. మనం కలిసి దీన్ని ఎదుర్కొందాం." ఈ ఊళ్ళో పదిహేడేళ్ళవాడెవడూ ఇంట్లో అలా మాట్లాడడు, "తమ్ముడా" అని అసలే పిలవడు. అదే ప్రేమను ఇలా రాయొచ్చు:

"తాగినవా?"
"తాగిన."
"ఎన్ని?"
"రెండు సీసాలు."
"అబద్ధం చెప్పకు రా. మూతే తియ్యలే."

కాపాడతానన్న మాట ఎక్కడా లేదు. మూత చూశాడు, అంతే. పైగా ఖర్చు సంగతి అన్నకు అనుమానం వచ్చిందని కూడా ఇక్కడే తెలిసిపోతుంది.

పిలుపులు మీకు దొరికిన ఉచిత ఆయుధం. ఇంట్లో అమ్మకు వీళ్ళు పెద్దోడు, చిన్నోడు. తమ్ముడు "అన్నా" అంటాడు, అన్న "అరేయ్" అంటాడు, కోపం వస్తేనే పూర్తి పేరు. పన్నెండో అధ్యాయంలో ఇద్దరూ విడిపోయేచోట పెద్ద గొడవ రాయకండి, తమ్ముడు "అన్నా" అనడం మానేస్తే చాలు. మూడు అధ్యాయాల పాటు వాడు అన్నను ఏ పిలుపూ లేకుండానే మాట్లాడాలి. మళ్ళీ ఎక్కడ ఆ మాట వస్తుందో అక్కడ పాఠకుడికి గొంతు పట్టేస్తుంది. అయితే మొదటి ఎనిమిది అధ్యాయాల్లో ఆ పిలుపు కనీసం ముప్ఫై నలభై సార్లు చెవిన పడి ఉండాలి, లేకపోతే పోయిందని ఎవరూ గమనించరు. కథనం వాడుక భాషలో, మాటలు తెలంగాణ యాసలో ఉంచండి. యాసను ప్రతి పదం మీదా రుద్దకండి, క్రియల చివర్లు సరిగ్గా ఉంటే చాలు: పోయినవ్, చూసిన, తెల్వదు, రాలే. పాతబస్తీ స్నేహితుడు ఉంటే వాడి తెలుగులో ఉర్దూ దానంతట అదే దొర్లుతుంది, వాణ్ణి నవ్వించే పాత్రగా మాత్రం చెయ్యకండి.

వంటగది గట్టు దగ్గర, పిలుపుల్లో అమ్మ కావాలన్నాను, మీరేమో తల్లిదండ్రుల్ని మొదటి పేజీలోనే కారు ప్రమాదంలో చంపేశారు. పిల్లలకు రాత్రిపూట తిరిగే వీలు కోసమని అర్థమైంది. కానీ మన ఇళ్ళల్లో అమ్మానాన్న పోతే పిల్లల్ని ఒంటరిగా వదలరు, పెదనాన్నలు, మేనమామలు, అమ్మమ్మలు దిగిపోతారు. అప్పుడు ఇంకా ఎక్కువ కళ్ళు. అమ్మను నైట్ డ్యూటీ నర్సును చెయ్యండి, నాన్నను గల్ఫ్‌కు పంపండి. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఎన్నో ఇళ్ళ పరిస్థితి అదే కాబట్టి కల్పించినట్టు ఉండదు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. అక్కడ రాత్రి తొమ్మిదికి డ్యూటీ దిగి నాన్న వీడియో కాల్ చేస్తే ఇక్కడ పదిన్నర, ఆ సమయానికి ఇద్దరూ ఇంట్లో ఉండి తీరాలి. ఎంత పెద్ద సాహసమైనా పదిన్నరలోపు ముగియాలన్న గడియారం మీకు ఊరికే దొరికింది. అమ్మ నర్సు కాబట్టి చిన్నోడి పెదవులు చూసి ఒంట్లో నీళ్ళు తగ్గాయని మొదట పట్టేదీ ఆవిడే.

మిగతావి చిన్నవే. పదిహేనేళ్ళవాడు బండి నడపడు, పదిహేడేళ్ళవాడికి గేర్ల బండి లైసెన్సు రాదు, మీరు బుల్లెట్ ఇచ్చారు. బస్సు, మెట్రో, షేర్ ఆటో వాడండి. అన్న కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉంటే వాడికి ఆదివారం తప్ప తీరికే ఉండదు కాబట్టి డే స్కాలర్‌గా మార్చండి. దర్గాలు, గుళ్ళు ఉన్నవి ఉన్నట్టు చూపించండి, చెడు అక్కడి నుంచి పుట్టినట్టు రాయకండి.

నిడివి 45,000 పదాల దగ్గర ఆపండి. తెలుగులో విభక్తి పదానికే అతుక్కుంటుంది కాబట్టి ఇంగ్లీషు నవలల లెక్క ఇక్కడ పనికిరాదు. డెమీ సైజు పేజీకి సుమారు 240 పదాలు వేసుకుంటే 190 పేజీల లోపు వస్తుంది, ఆ వయసు పాఠకుడు బస్సులో పట్టుకు తిరిగేంత. అధ్యాయం రెండు వేల పదాలైతే ఇరవై రెండో ఇరవై మూడో వస్తాయి. మొత్తంలో శక్తి వాడే సన్నివేశాలు పది దాటకూడదు. మీ ఎనిమిది అధ్యాయాల్లోనే పదిహేడు ఉన్నాయి. ప్రింటు తీసి నీటివి నీలం పెన్నుతో, రాతివి ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. గుర్తు పడిన ప్రతిచోటా, అది జరిగిన మూడు పేజీల్లోపు రెండోవాడికి ఏమైందో ఒక్క వాక్యమైనా ఉందా చూడండి. లేనివాటిని కొట్టెయ్యండి. పదిహేడులో తొమ్మిదైనా పోతాయని నా అంచనా.

తిరగరాశాక స్నేహితులకు కాదు, పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్లలు ముగ్గురికి ఇవ్వండి. బాగుందా అని అడగకండి, మొహమాటానికి బాగుందంటారు. ఏ పేజీలో ఫోన్ చేతిలోకి తీసుకున్నారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టమనండి. ముగ్గురి గీతలూ ఒకేచోట పడితే సమస్య అక్కడ కాదు, దానికి నాలుగైదు పేజీల ముందు ఉంటుంది.

ముగింపు ఇప్పుడే రాయకండి. ముందు ఆ మూత తియ్యని సీసా సన్నివేశాన్ని రెండో అధ్యాయంలోకి తెచ్చి, ఎవరికీ ఏమీ తెలియని రోజుల్లో అదెలా ఉంటుందో రాయండి. అప్పుడు మూత తియ్యలేదని అన్నకు కోపం రాదు, సీసా లాక్కుని తనే తాగేస్తాడు.